దైవాధీనం మావయ్య చూసిన మొదటి క్లైమాక్సు

మా అత్తయ్య నవలని సినిమా తీస్తామని వచ్చినవాళ్ళకి మా ఆయన కుర్చీలు వేశారు, నేను కాఫీలిచ్చాను, అత్తయ్య స్వయంగా చేపల పులుసు వండి పెట్టారు. మేం వాళ్ళకి చేసిన మర్యాద అదీ. వాళ్ళు ఆ నవలకి చేసిన మర్యాద తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా ఆ డైరెక్టరుని మనసారా తిడదామంటే నోరు రాదు. అదే నా బాధ.

అత్తయ్య పేరు రాజమ్మ. పుట్టింది నాగాయలంకలో, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది బందరులో. రిటైరయ్యాక ఆవిడ ఈడువాళ్ళందరూ మోకాళ్ళకి నూనె రాసుకుంటుంటే ఈవిడ నవల రాసుకున్నారు. పేరు ‘చివరి బిందె’. మా ఆయన ఎలీషా తల్లి మీది భక్తి కొద్దీ దాన్ని పదిమందికి పంచారు గానీ, తను మాత్రం ఇప్పటికీ నలభయ్యో పేజీలోనే ఉన్నారు. అడిగితే, “గుడివాడ ఆఫీసుకి వెళ్ళి రావడంతోనే సరిపోతోంది హేమా” అంటారు. నేనూ బ్యాంకులో ఉద్యోగమే చేస్తున్నాను, మరి నాకెలా కుదిరింది?

కథ రాబోయే కాలంలో జరుగుతుంది. సముద్రం పెరిగి బందరూ దివిసీమా ఉప్పునీళ్ళలో నానుతుంటాయి. మంచినీళ్ళన్నీ జలసంస్థ అనే ఒక ఆఫీసు చేతిలో ఉంటాయి. ఆ ఆఫీసు ఎవర్నీ కొట్టదు, తిట్టదు. ఇస్త్రీ చొక్కాల గుమాస్తాలు ఇంటింటికీ వచ్చి, చేతులు జోడించి, “దయచేసి ఈ రోజు దాహం వెయ్యకుండా చూసుకోండి” అని వెళ్తారు. చదువుతుంటే నాకు ఆ దండాలంటేనే భయం వేసింది. సలోమి అనే ముసలమ్మ వాళ్ళకి ఎదురు తిరుగుతుంది. ఊళ్ళన్నీ కదులుతాయి, ఓడిపోతాయి. చివరి అధ్యాయంలో సలోమి ఒక్కతే ఉప్పు తేలిన చేలో వంగి వరినారు నాటుతుంది. అది మాడిపోతుంది. మళ్ళీ నాటుతుంది. మళ్ళీ మాడిపోతుంది. మళ్ళీ నాటుతుంది. నవల అక్కడికి అయిపోతుంది.

“ఇంతకీ మొలిచిందా లేదా అత్తయ్యా?” అని అడిగాను, ఉండబట్టలేక.

“అది నేను కల్పించింది కాదమ్మా, చూసింది” అన్నారు. “డెబ్భై ఏడు ఉప్పెన తరవాత మా అమ్మ అట్లానే నాటింది. చేలో ఉప్పు పేరుకుని ఉంది. ఎవరూ నాట్లు వెయ్యలేదు. పిచ్చిదన్నారు అందరూ. మా అమ్మని నలుగురూ చూడాలనే ఆ ఆఖరి నాలుగు పేజీలు రాశాను. ఆ నాలుగు పేజీల కోసం మిగతా మూడొందల పేజీలూ రాశాను.”

అందుకే సినిమావాళ్ళకి ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, చివరి అధ్యాయం ముట్టుకోకూడదని. టోపీ పెట్టుకుని రెండు ఫోన్లు పట్టుకున్న ఆ డైరెక్టరు పులుసు అన్నం మూడోసారి కలుపుతూ, “ఉన్నదున్నట్టు తీస్తానమ్మా, మీ మీద ఒట్టు” అన్నాడు. “ఒట్టు ఎందుకు బాబూ, మాట చాలు” అన్నారు అత్తయ్య. మా ఇంట్లో పులుసు తిన్న మనిషి మాట తప్పడని ఆవిడకి గట్టి నమ్మకం. నాకు లేదు. ఆ పులుసు తిని మాట తప్పినవాళ్ళని మా చుట్టాల్లోనే చూపించగలను.

సినిమా పేరు ‘బిందె: ది లాస్ట్ వార్’ అయింది. పోస్టరులో హీరో భుజం మీద బిందె ఉంది. బిందె భగభగ మండుతోంది. నీళ్ళ బిందె ఎట్లా మండుతుందని నేను అడిగితే, “ఐదు భాషల్లో వస్తోంది హేమా, మండాలి” అన్నారు మా ఆయన.

*

విడుదలైన రోజు మొదటి ఆట చూసింది ఇందిరగారు. ఆవిడ అత్తయ్యకి ముప్పై ఏళ్ళ స్నేహితురాలు, అత్తయ్య పనిచేసిన బళ్ళోనే తెలుగు చెప్పారు. ఛందస్సు తప్పితే పెళ్ళి శుభలేఖని కూడా వెనక్కి పంపే రకం. ఆట అవగానే అత్తయ్యకి కాకుండా నాకు ఫోన్ చేశారు. అప్పుడే నాకు కీడు తోచింది.

“హేమా, పక్కన రాజమ్మ లేదుగా?”

“లేరండీ. ఎలా ఉంది సినిమా?”

“గేటు ఎత్తేశాడమ్మా.”

“ఏ గేటండీ?”

“సముద్రానికి అడ్డంగా కట్టిన ఇనప గేటు. రైలుపెట్టె అంత ఉంది. దాన్ని హీరో భుజం మీద ఎత్తేశాడు. సముద్రం సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయింది. విలన్ని మొసలి తినేసింది. పేర్లు పడ్డాయి, నేను వచ్చేశాను.”

“మరి సలోమి? నాట్లు?”

“నాట్లూ లేవు, నారూ లేదు. నీళ్ళు లేని లోకంలో మూడు వాన పాటలు పెట్టాడమ్మా వాడు! నాకు పొలమారింది.”

అవతల గదిలో అత్తయ్య కొత్త జరీ చీర మడతలు విప్పి చూసుకుంటున్నారు, సినిమాకి కట్టుకోవడానికి. రెండు వారాలుగా చర్చిలో కనిపించిన ప్రతివాళ్ళకీ, “నా సంగతి సరేనండీ, మా అమ్మని చూద్దురుగాని” అని చెప్పి వచ్చారు. ఆ మనిషి దగ్గరికెళ్ళి, అమ్మ లేదత్తయ్యా, మొసలి ఉంది అని ఏ నోటితో చెప్పను? తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ, రాత్రంతా నిద్ర పట్టలేదు. అత్తా కోడళ్ళం మేం రోజుకోసారైనా పోట్లాడుకుంటాం, అది వేరే సంగతి. ఆవిడ మొహం చిన్నబోతే నేను చూడలేను.

తెల్లారి పళ్ళు తోముకుంటుంటే దైవాధీనం మావయ్య గుర్తొచ్చారు. గుర్తు రాగానే నురగతోనే గట్టిగా నవ్వాను.

దైవాధీనం మావయ్య అత్తయ్యకి అన్నగారు. మా ఆయన మావయ్య అంటారు కాబట్టి నేనూ అదే అంటాను. ఆ మాటకొస్తే నాగాయలంకలో సగంమందికి ఆయన మావయ్యే. చేలూ రొయ్యల చెరువూ చూసుకుంటూ అక్కడే ఉంటారు. ఆయనకి సినిమాల పిచ్చి. అవనిగడ్డలో చూస్తే ఆయన లెక్కలో అది సినిమా కాదు. బందరు వచ్చి, మ్యాట్నీ చూసి, సాయంత్రం నాగాయలంక డైరెక్టు బస్సులో తిరిగి వెళ్ళాలి. ఊళ్ళోవాళ్ళు ఒక వరస నిండా ఆయన వెంట వస్తారు. చిక్కల్లా ఏమిటంటే ఆ బస్సు సినిమా అయ్యేలోపే బయల్దేరుతుంది. అది పోతే చల్లపల్లిలో ఒకటి, అవనిగడ్డలో ఒకటి మారాలి, అవి ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. అందుకని విలన్ హీరోయిన్ని ఎత్తుకెళ్ళగానే మావయ్య లేచి నిలబడి, భుజం మీది తువ్వాలు ఒక్క దులుపు దులుపుతారు. వరస వరసంతా లేచి బస్టాండుకి పరిగెడుతుంది.

ముప్పై ఏళ్ళ బట్టీ ఇదే వరస. బందరు హాల్లో మావయ్య ఇంతవరకూ ఒక్క క్లైమాక్సూ చూడలేదు. ఆ లోటు వాళ్ళకేం లేదు. మిగతా కథ బస్సులో తేల్చుకుంటారు. చల్లపల్లి వచ్చేసరికి విలన్ని చంపేస్తారు, అవనిగడ్డ వచ్చేసరికి పెళ్ళి చేస్తారు. ఒకసారి కండక్టరు చెప్పిన ముగింపే అందరికీ నచ్చిందట. తరవాత టీవీలో అసలు సినిమా వస్తే, “మన కండక్టరు చెప్పిందే బాగుంది” అని ఆపేశారట.

నా ఉపాయం ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. మావయ్యకి ఫోన్ చేశాను.

“మావయ్యా, వచ్చే శనివారం మ్యాట్నీకి మీ వాళ్ళందర్నీ తీసుకురండి. అట్లానే అత్తయ్యని మీతో పాటు బస్సులో ఊరికి తీసుకెళ్ళండి. ఆదివారం మన చర్చిలో ఒక శాలువా కప్పండి. సంతోషిస్తారు.”

“నువ్వు చెప్పాలా తల్లీ! నా చెల్లెలు సినిమా రాసింది. శాలువా ఏం ఖర్మ, గజమాల వేయిస్తాను!”

“గజమాల సంగతి తరవాత. బస్సు మాత్రం తప్పకూడదు మావయ్యా.”

“నేను బస్సు తప్పడం ఎప్పుడైనా విన్నావా?” అన్నారు ఆయన, బాగా నొచ్చుకుని.

*

శనివారం వరస నిండా కూర్చున్నాం. ఈ చివర నేను, నా పక్కన అత్తయ్య, ఆవిడ పక్కన మావయ్య, మిగతా వరసంతా నాగాయలంక. మా ఆయన నా వెనక సీటులో ఉన్నారు. బయటి తిండి లోపలికి రానివ్వరని మావయ్య తన మందుల సంచీలో జంతికలు తెచ్చారు. గేటు దగ్గర ఆపితే షుగరు మాత్రలన్నారట. లైట్లు ఆరగానే ఆ షుగరు మాత్రలు వరస పొడుగునా కరకరలాడాయి.

న్యాయంగా చెప్పాలి, మొదటి అరగంట బాగుంది. తెర మీద బందరు మునిగి ఉంది. కోనేరు సెంటరు మీదుగా పడవలు వెళ్తున్నాయి. మిద్దెల అంచులకి ఉప్పు పట్టి తెల్లగా మెరుస్తోంది. ఇంతలో బస్టాండు బోర్డు సగం దాకా మునిగి కనిపించింది. హాలు హాలంతా లేచి నిలబడి ఈల. “మన బస్టాండేరా! మునిగిపోయిందిరా!” అని పేపరు ముక్కలు ఎగరేశారు. తమ ఊరు మునిగిపోతే ఇంత సంబరపడే జనాన్ని నేనెక్కడా చూడలేదు. తరవాత గుడివాడ సముద్రపు ఒడ్డయింది. కెరటాలు, గొడుగులు, కొబ్బరిబొండాలు. మా ఆయన వెనక నించి ముందుకి వంగి, “హేమా, మా ఆఫీసు కిటికీలోంచి బీచ్ కనిపిస్తుంది చూడు” అన్నారు. ఆ గొంతులో గర్వం చూస్తే ప్రమోషన్ వచ్చిందనుకోవాలి.

జలసంస్థ గుమాస్తా సీను కూడా ఉంది. చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి ముందు ఇస్త్రీ చొక్కా వంగి దండం పెట్టి, “దయచేసి ఈ రోజు పాపకి దాహం వెయ్యకుండా చూసుకోండమ్మా” అంది. హాల్లో జంతికల చప్పుడు కూడా ఆగిపోయింది. అత్తయ్య తల ఊపి, “ఎనభై” అన్నారు. ఆవిడ దేనికైనా మార్కులే వేస్తారు. నా సాంబారుకి యాభై రెండు దాటి ఇంతవరకూ రాలేదు.

ఆ ఎనభై నించి పతనం మొదలైంది. హీరో సొరచేప మీద కూర్చుని సముద్రంలోంచి వచ్చాడు. తాగడానికి చుక్క లేని ఊళ్ళో మూడుసార్లు తలంటు పోసుకున్నాడు. విలన్ దివిసీమ ఉక్కలో తోలు కోటు వేసుకుని, మొసలికి ముద్దలు పెడుతూ, ఒక్కో మాటకీ మధ్య అర నిమిషం నవ్వాడు. “అంత నవ్వుతుంటే దాహం వెయ్యదా వీడికి?” అని మావయ్య సందేహం. మొదటి వాన పాటకి అత్తయ్య “నలభై” అన్నారు. రెండో వాన పాటకి “ముప్పై అయిదు, పాసు మార్కు” అన్నారు. మూడో దానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అమ్మా హేమా, సలోమి ఎక్కడా కనిపించదేం?”

“గోడ మీద ఉన్నారు అత్తయ్యా.”

హీరో ఇంటి గోడ మీద దండ వేసిన ఫోటో ఒకటి ఉంది. కింద సలోమి అని రాసి ఉంది. హీరో తల్లిట. అత్తయ్య ఆ ఫోటోని కాసేపు చూసి, “పోనీలే, చివర్లో ఉంటుందిగా” అన్నారు. ఆ ‘పోనీలే’ వింటే నాకు ఏడుపొచ్చింది. వాచీ చూసుకున్నాను. బస్సు వేళ దగ్గర పడింది. విలన్ హీరోయిన్ని ఎత్తుకెళ్ళి గాజు మేడలో పెట్టాడు. దేవుడు దయగలవాడు.

మావయ్య లేచారు. తువ్వాలు దులిపారు. “పదండ్రా, బస్సు!”

వరస మొత్తం సంచులు సర్దుకుని లేచింది. నేనూ లేచి అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. “పదండి అత్తయ్యా, మీరూ వెళ్ళాలిగా. రేపు శాలువా.”

అత్తయ్య కదల్లేదు. “మీరు వెళ్ళండి. నేను చివరిదాకా చూస్తాను.”

“డైరెక్టు బస్సు పోతుందే!” అన్నారు మావయ్య.

“పోనీ అన్నయ్యా. పేపరు ఆఖరి పేజీ తిప్పకుండా నేను ఏ పిల్లకీ మార్కులు వెయ్యలేదు. ఈ సినిమాకి మాత్రం ఎందుకు వేస్తాను?” అని నా వైపు తిరిగి, మెల్లిగా, “నువ్వూ ఇందిరా నా దగ్గర ఏదో దాస్తున్నారని తెలుసమ్మా. నీకు దాచడం చేతకాదు. వారం నించీ సాంబారు ఎంత బాగా పెడుతున్నావో నేను చూడలేదా? ఏం దాచారో అది నన్నే చూడనీ” అన్నారు.

నేను అత్తయ్య చెయ్యి వదిలి సీట్లో కూర్చున్నాను. వెనకనించి ఎవరో, “తాతా, లేస్తే లెయ్యి, కూర్చుంటే కూర్చో!” అని అరిచారు. మావయ్య తలుపు వైపు చూశారు, చెల్లెలి వైపు చూశారు. ముప్పై ఏళ్ళ రికార్డు ఒక పక్క, తోబుట్టువు ఒక పక్క. తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నారు.

“కూర్చోండ్రా” అన్నారు. “పోతే పోయింది బస్సు.”

వరసంతా నోళ్ళు తెరిచి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని కూర్చుంది.

ఇక ఆ ఇరవై నిమిషాలూ నేను తెర చూడలేదు, అత్తయ్య మొహమే చూశాను. గేటు వచ్చింది. హీరో దాన్ని ఎత్తాడు. హాలు దద్దరిల్లింది. సముద్రం వెనక్కి తగ్గింది. మొసలి తోలు కోటుతో సహా విలన్ని మింగింది. అందరికంటే పెద్దగా ఈల వేసింది మావయ్యే. పాపం ఆయన తప్పేం లేదు, హాల్లో ఆయన చూసిన మొదటి క్లైమాక్సు. అత్తయ్య మార్కులేమీ వెయ్యలేదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. మూసిన కళ్ళలోంచే నీళ్ళు కారాయి.

“జనం చూస్తారనుకున్నాను హేమా” అన్నారు. ఆ డైరెక్టరు ఆ క్షణంలో ఎదురుగా ఉంటే నేనేం చేసేదాన్నో నాకే తెలీదు. పులుసు మాత్రం కక్కించేదాన్ని.

తెర మీద పేర్లు పడటం మొదలైంది. లైట్లు వెలిగాయి, తలుపులు తీశారు. మన జనం సంగతి తెలిసిందేగా, మొదటి పేరు కూడా చదవకుండా పార్కింగుకి పరుగు. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. నేను లేచి, “పదండి అత్తయ్యా, ఇంటికెళ్దాం” అన్నాను.

ఎవరూ లేవలేదు. అత్తయ్య సంగతి సరే, నాగాయలంక వరస మొత్తం నిక్కి కూర్చుని తెర చూస్తోంది.

“మావయ్యా, అయిపోయింది, లేవండి.”

“అయిపోవడమేంటమ్మా? పేర్లు పడుతున్నాయిగా” అన్నారు మావయ్య.

“పేర్లు పడితే అయిపోయినట్టే మావయ్యా.”

“నీకు తెలీదు. పేర్లు పడ్డాకే కథ మొదలవుతుంది. ఏ సినిమా అయినా చూడు. మొదట పేర్లు, తరవాత కథ.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? సినిమా మొదట్లో పడే పేర్లే ఆయన ఎప్పుడూ చూశారు. హాల్లో సినిమా ఎట్లా అయిపోతుందో ఆ వరసలో ఒక్కరికీ తెలీదు. ముప్పై ఏళ్ళుగా హాలుకి వస్తున్నారు, ఎప్పుడు లేవాలో బస్సే చెప్పింది. బస్సు లేకపోయేసరికి ఎవరూ లేవలేదు.

చీపురు పట్టుకుని వచ్చినావిడ మమ్మల్ని చూసి ఆగింది. “అయిపోయిందండీ తాతగారూ, ఊడవాలి.”

“సినిమా జరుగుతుంటే ఊడుస్తారా ఎక్కడైనా?” అని మావయ్య మండిపడ్డారు. “లైట్లు ఆపించండి ముందు! మాకేం కనపట్టం లేదు.”

పైన ఆపరేటరు గది కిటికీలోంచి ఒకతను తల బయటపెట్టి, “ఏంటండీ ఆ గొడవ? కట్ చేసేస్తున్నా!” అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ మావయ్య చెయ్యి పట్టి లాగబోయాను. అప్పుడు నా కన్ను తెర మీద పడింది.

పేర్లు కుడి పక్కన పడుతున్నాయి. ఎడమ పక్కన, వెలుతుర్లో వెలవెలబోతూ, ఒక చేను. హంసలదీవి దగ్గరి చేను, ఉప్పు తేలి తెల్లగా ఉంది. అందులో ఒక ముసలమ్మ, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, వంగి ఉంది. చేతిలో పచ్చటి నారు కట్ట.

“అత్తయ్యా! కళ్ళు తెరవండి! తెరవండి ముందు!”

తెరిచారు. చూశారు. మరుక్షణం లేచి నిలబడి, బళ్ళో ప్రేయరు గ్రౌండు చివరిదాకా వినిపించే ఆ గొంతుతో, “లైట్లు!” అన్నారు.

కిటికీలోని తల ఉలిక్కిపడింది. “ఎవరు, రాజమ్మ టీచరుగారా?”

“నేనే. లైట్లు ఆర్పు. సినిమా ఆపావో, బెంచీ ఎక్కిస్తాను!”

లైట్లు టక్కున ఆరిపోయాయి. బందరులో ఆవిడ దగ్గర చదవనివాళ్ళు తక్కువ.

కుడి పక్కన పేర్లు పోతున్నాయి. క్రేన్లు, డ్రోన్లు, మొసలి సంరక్షకుడు, మొసలి సంరక్షకుడి సహాయకుడు. ఎడమ పక్కన ముసలమ్మ నాటింది. మాడిపోయింది. నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, మళ్ళీ వంగి నాటింది. సంగీతం లేదు, మాట లేదు. గాలి చప్పుడు ఒక్కటే. అత్తయ్య రాసింది రాసినట్టు, మాట మార్చకుండా ఉంది. డైరెక్టరు ముట్టుకోలేదు. ముట్టుకోకుండా తీసుకెళ్ళి, మన దేశంలో ఒక్క మనిషి కూడా కూర్చోని చోట పెట్టాడు. మాట నిలబెట్టుకున్నాడనాలో, మాటకి సమాధి కట్టాడనాలో మీరే చెప్పండి.

ఆ ముసలమ్మ మూడోసారి నడుం మీద చెయ్యి వేసుకుని లేచినప్పుడు మావయ్య కుర్చీలో ముందుకి జరిగారు.

“ఒసే రాజమ్మా” అన్నారు. “అది అమ్మ కదే.”

“అవును అన్నయ్యా.”

“అమ్మ అట్లానే లేచేది. ఎడం చెయ్యి వేసుకుని. నాకు చెప్పలేదేం?”

“పుస్తకం ఇచ్చానుగా. నువ్వు చదవలేదు.”

“బైబిలూ ఎరువు బస్తా తప్ప నేనేం చదువుతానే” అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఈసారి దులపడానికి కాదు. వరసలో ఉప్పెన చూసిన ముసలివాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు. వాళ్ళూ కళ్ళు ఒత్తుకున్నారు. చీపురు ఆవిడ చీపురు చంకన పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది. ముసలమ్మ ఇంకో మొక్క నాటుతుండగా తెర నల్లబడింది.

*

మా ఆయన ఒక వ్యాను మాట్లాడారు. వాళ్ళతో పాటు నేనూ వెళ్ళాను, ఆ స్థితిలో అత్తయ్యని వదలబుద్ధి కాక. మొట్టమొదటిసారి నాగాయలంకవాళ్ళు ఒక సినిమా మొత్తం చూశారు కదా, ఇక దార్లో మాట్లాడుకోవడానికి ఏముంటుందిలే అనుకున్నాను. చల్లపల్లి దాటేదాకా మాట్లాడలేదు కూడా. అప్పుడు వెనక సీట్లోంచి ఒకావిడ నెమ్మదిగా, “ఇంతకీ ఆ నారు మొలుస్తుందంటారా?” అంది.

అంతే, వ్యాను రెండు పార్టీలైంది. మొలుస్తుందని కొందరు, ఆ ఉప్పులో చస్తే మొలవదని కొందరు. జిప్సం వెయ్యాలని ఒకాయన, వాన పడి ఉప్పు దిగాలని ఇంకొకాయన. డ్రైవరు సినిమా చూడకుండానే మొలుస్తుందని పందెం కాశాడు. గేటు సంగతి గానీ, మొసలి సంగతి గానీ ఒక్కరు ఎత్తితే ఒట్టు. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని అన్నీ వింటున్నారు. చివరికి ఎవరో మావయ్యనే అడిగారు. “మీ అమ్మగారు నాటింది మొలిచిందా లేదా, అది చెప్పండి.”

“మొలవకపోతే నేనేం తిని ఇంత లావయ్యానురా?” అన్నారు మావయ్య.

నవ్వి నవ్వి అందరికీ దగ్గొచ్చింది. అత్తయ్య కూడా నవ్వారు. కానీ నవ్వు ఆగాక, నాకు మాత్రమే వినపడేట్టు, “ఒక్క వరసే చూసింది కదమ్మా” అన్నారు. నాకొక్కదానికే వినపడిందనుకున్నాను గానీ, మావయ్యకీ వినపడిందని వారం తరవాత తెలిసింది.

తరవాతి శనివారం అత్తయ్యనీ, ఇందిరగార్నీ మళ్ళీ మ్యాట్నీకి తీసుకెళ్ళాను. పేర్లు పడ్డప్పుడు లేచి వచ్చేశానే అని ఇందిరగారు వారమంతా లెంపలేసుకుంటున్నారు. హాలు నిండింది. గేటు లేచింది, ఈలలు లేచాయి, పేర్లు మొదలయ్యాయి. జనం జేబుల్లో బండి తాళాలు వెతుక్కుంటూ లేచారు. సరిగ్గా అప్పుడు తెర ముందు తువ్వాలు దులిపిన చప్పుడైంది.

దైవాధీనం మావయ్య. మాతో చెప్పకుండా ఎప్పుడొచ్చారో, మునుపెన్నడూ సినిమా మొహం చూడని ముసలివాళ్ళని ఇంకో వరస నిండా వేసుకొచ్చారు. తలుపు దగ్గర ఒకళ్ళు, మెట్ల మీద ఒకళ్ళు నిలబడ్డారు. ఈయన హాలుకి ఎదురుగా రెండు చేతులూ ఎత్తి నిలబడ్డారు.

“బాబూ, కూర్చోండి, కూర్చోండి. మా అమ్మ ఇంకా రాలేదు.”

ముందు వరసలో ఒక కుర్రాడు నవ్వాడు. “ఎక్కడికెళ్ళిందేంటి తాతా మీ అమ్మ?”

“నాట్లకెళ్ళింది నాయనా. వచ్చేస్తుంది, ఒక్క నిమిషం కూర్చో.”

ఆయన చెప్పిన తీరుకి ఆ కుర్రాడు కూర్చున్నాడు. అతని పక్కవాళ్ళు కూర్చున్నారు. వెనకవాళ్ళు ఏంటేంటని అడుగుతూ కూర్చున్నారు. లైట్లు వాటంతట అవే ఆరిపోయాయి. తెర మీద తెల్లటి చేను వచ్చింది.

అత్తయ్య తెర చూడలేదు. సీట్లో వెనక్కి తిరిగి, కూర్చున్న ఆ జనాన్ని చూస్తూ ఉండిపోయారు.